ప్రీయాంప్ అసలు ఏం చేస్తుంది? పెంచడం తక్కువ, తగ్గించడమే ఎక్కువ

స్టీరియోల గురించి మాట్లాడేటప్పుడు స్పీకర్ల మీద వాదనలు తెగవు, స్పీకర్లను నడిపే పవర్ యాంప్‌కి ఎన్ని వాట్లున్నాయన్నది అంతకంటే పెద్ద గొడవ. ఆ రెండింటికీ ముందు కూర్చునే ప్రీయాంప్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "సిగ్నల్‌ని పవర్ యాంప్‌కి పంపేముందు కాస్త పెంచుతుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. పేరే అలా ఉంది కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేం. కానీ కూర్చుని లెక్క వేస్తే, ఇవాళ ఇళ్లలో ఉన్న చాలా సిస్టమ్‌లలో ప్రీయాంప్ రోజంతా చేసే పని పెంచడం కాదు, తగ్గించడం.

లెక్క కష్టమేమీ కాదు. సీడీ ప్లేయర్ గానీ, డిజిటల్ అంకెలను సంగీతపు వోల్టేజీగా మార్చే డాక్ గానీ, పూర్తి స్థాయి సిగ్నల్ దగ్గర సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఇక అవతలి చివర చూద్దాం. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 100 వాట్లు ఇవ్వాలంటే పవర్ యాంప్ స్పీకర్ టెర్మినల్స్ దగ్గర 28 వోల్టుల పైచిలుకు పెట్టాలి. ఇళ్లలో వాడే పవర్ యాంప్‌ల గెయిన్ మామూలుగా 26 నుంచి 29 డెసిబెల్స్ ఉంటుంది, అంటే వచ్చిన వోల్టేజీని 20 నుంచి 28 రెట్లు చేస్తాయి. 28ని 20తో భాగిస్తే 1.4 వోల్టులు, 28తో భాగిస్తే 1 వోల్టు. సోర్స్ ఇస్తున్నది 2. మధ్యలో ఏ పెట్టే లేకుండా నేరుగా కేబుల్ తగిలించినా 100 వాట్ల యాంప్ తన హద్దు దాటిపోవడానికి సరిపడా సిగ్నల్ అప్పటికే ఉందన్నమాట.

పైగా ఇంట్లో ఎవరూ 100 వాట్ల దగ్గర వినరు. మామూలుగా వినే చోట స్పీకర్‌కి వెళ్లేది సగటున ఒక వాటు చుట్టుపక్కల, చాలాసార్లు అంతకంటే తక్కువ. 8 ఓమ్‌లలో ఒక వాటు అంటే 2.83 వోల్టులు. దానికి 20 రెట్ల యాంప్ అడిగేది 0.14 వోల్టు. అవతల 2 వోల్టులు ఎదురుచూస్తుంటే ఇవతల కావాల్సింది అందులో పద్నాలుగో వంతు. వాల్యూమ్ నాబ్ అనేది ఈ మిగులును ఆపే కొళాయి. పైన ట్యాంకు నిండుగానే ఉంది, మనం ఎంత వదలాలో తిప్పుకుంటున్నాం.

విడ్డూరం ఏమిటంటే, సంప్రదాయ ప్రీయాంప్‌లలో ఈ కొళాయి తర్వాత మళ్లీ ఒక పెంచే అంచె ఉంటుంది. లైన్ స్టేజ్ అంటారు దాన్ని, గెయిన్ 10 డెసిబెల్స్ నుంచి 20 డెసిబెల్స్ దాకా ఉంటుంది. 20 డెసిబెల్స్ అంటే 10 రెట్లు. పవర్ యాంప్ 20 రెట్లతో కలిపితే మొత్తం 200 రెట్లు. 2 వోల్టుల సోర్స్‌ని పెట్టి నాబ్ చివరిదాకా తిప్పితే కాగితం మీద వచ్చే జవాబు 400 వోల్టులు. అంత ఇచ్చే యాంప్ ఇళ్లలో ఉండదు కాబట్టి ముందు నాబ్ దగ్గర బాగా కోసేసి, ఆ కోసిన దాన్ని మళ్లీ పది రెట్లు పెంచుతున్నాం. నాబ్ గడియారంలో తొమ్మిది దగ్గరికి వచ్చేసరికే గది అదిరిపోతుంటే, "చూడండి, యాంప్‌కి ఎంత పవర్ ఉందో" అని మురిసిపోతారు కొందరు. అది పవర్ కాదు, గెయిన్ ఎక్కువైంది. 30 వాట్ల యాంప్ కూడా గెయిన్ ఎక్కువ పెడితే తొమ్మిది దగ్గరే అరుస్తుంది, కాకపోతే పది దగ్గరికి వచ్చేసరికి దాని గొంతు చిట్లిపోతుంది.

మరి అసలు ఈ పేరు ఎందుకు వచ్చింది, ఇంత గెయిన్ ఎందుకు పెట్టారు? దానికి రికార్డు ప్లేయర్ల కాలానికి వెళ్లాలి. 1950లలో ఇంటి హైఫైకి ముఖ్యమైన సోర్స్ ఎల్‌పీ రికార్డు. సూది కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతంతో పనిచేసే కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులు. దాన్ని వినగలిగే స్థాయికి తేవడానికి నిజంగానే ముందస్తు యాంప్లిఫయర్ ఒకటి కావాలి. పవర్ యాంప్‌లేమో వాల్వులతో (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలతో), పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లతో బరువుగా, వేడిగా ఉండేవి. వాటిని అల్మరా లోపలో, స్పీకర్ పక్కన ఓ మూలో పెట్టేసి, చేతికి అందే చోట నాబ్‌లున్న చిన్న పెట్టె ఉంచుకునేవారు. బ్రిటన్‌లో క్వాడ్ కంపెనీ తన పెట్టెలను కంట్రోల్ యూనిట్ అనే పిలిచింది. 1959 నాటి క్వాడ్ 22, 1967లో వచ్చిన క్వాడ్ 33 రెండూ కంట్రోల్ యూనిట్లే. నిజం చెప్పాలంటే ఆ పేరే సరైనది. అదే నిలిచి ఉంటే ఈ వ్యాసం అవసరమే ఉండేది కాదేమో.

టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లకి మాత్రం పాత పేరు ఇప్పటికీ అక్షరాలా నిజం. మూవింగ్ మ్యాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది 5 మిల్లీవోల్టుల ప్రాంతంలో ఉంటుంది. సీడీ ప్లేయర్ 2 వోల్టులతో పోల్చితే 400 వంతుల్లో ఒక వంతు. మూవింగ్ కాయిల్ రకం ఇంకా నాజూకు, వాటిలో చాలావరకు 0.2 నుంచి 0.5 మిల్లీవోల్టు మాత్రమే. మొదటి దానికి సుమారు 40 డెసిబెల్స్, అంటే 100 రెట్లు గెయిన్ కావాలి. రెండో దానికి 60 డెసిబెల్స్ దాకా, అంటే వెయ్యి రెట్లు. ఈ పని చేసేదే ఫోనో స్టేజ్. కొన్ని ప్రీయాంప్‌లలో లోపలే ఉంటుంది, కొన్నిసార్లు వేరే పెట్టెగా వస్తుంది, ఈ మధ్య కొన్ని టర్న్‌టేబుళ్లలో కిందనే అమర్చి అమ్ముతున్నారు.

ఫోనో స్టేజ్ పెంచి ఊరుకోదు, ఒక వంకరను సరిచేస్తుంది కూడా. రికార్డు మీద గాడిని కోసేటప్పుడు బేస్‌ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి పక్క గాడిలోకి దూసుకుపోతుంది, లేదంటే గాళ్ల మధ్య ఎడం పెంచి ఒక్కో వైపు పట్టే నిమిషాలు తగ్గించుకోవాలి. అందుకని బేస్‌ని తగ్గించి కోస్తారు. పై శ్రుతులకు వచ్చేసరికి దీనికి తిరగేసి చేస్తారు. రికార్డు ఉపరితలం నుంచి వచ్చే చిటపటలు, సుయ్యిమనే చప్పుడు ఎక్కువగా ఆ ప్రాంతంలోనే వినిపిస్తాయి కాబట్టి, సంగీతాన్ని పెంచి కోసి, వినేటప్పుడు రెండింటినీ కలిపి తగ్గిస్తారు. తగ్గించినప్పుడు చప్పుడు కూడా తగ్గిపోతుంది. తెలివైన ఏర్పాటు. చిక్కల్లా ఎంత తగ్గించాలి, ఎక్కడ పెంచాలి అన్నది 1950ల మొదట్లో ఒక్కో రికార్డు కంపెనీ ఒక్కోలా చేయడం. అందుకే ఆ కాలపు కొన్ని ప్రీయాంప్‌ల ముందు భాగంలో ఏ కంపెనీ రికార్డు వేస్తే దాని వక్రాన్ని, అంటే ఈ హెచ్చుతగ్గుల కొలతను, ఎంచుకోవడానికి విడిగా నాబ్‌లు కనిపిస్తాయి. 1954లో అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం ఆర్‌ఐఏఏ ఒకే వక్రాన్ని ఖాయం చేశాక క్రమంగా అందరూ దానికి వచ్చారు. అందులో మలుపులు సుమారు 50, 500, 2122 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. వినేవైపు ఈ వక్రం 1000 హెర్ట్జ్‌తో పోల్చితే 20 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెల్స్‌కి పైగా పెంచుతుంది, 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంచుమించు అంతే తగ్గిస్తుంది. ఆ చివర నుంచి ఈ చివరకి వోల్టేజీ తేడా దాదాపు 88 రెట్లు.

టర్న్‌టేబుల్‌ని పొరపాటున సీడీ ప్లేయర్ లాంటి వాటి కోసం ఉన్న లైన్ ఇన్‌పుట్‌కి తగిలిస్తే ఎక్కడో బావిలోంచి సన్నగా, బేస్ లేకుండా వినిపించడానికి కారణం ఇదే. గెయిన్ లేదు, వక్రం సరికాలేదు. దీనికి తిరగేసిన పొరపాటు ఇంకా దారుణం: సీడీ ప్లేయర్‌ని ఫోనో సాకెట్‌కి పెట్టడం. 5 మిల్లీవోల్టుల కోసం కట్టిన మెట్టు మీదికి 2 వోల్టులు వచ్చి పడితే వచ్చేది సంగీతం కాదు, బేస్ బురద కలిసిన అరుపు. అలాగే లోపల ఫోనో స్టేజ్ ఉన్న టర్న్‌టేబుల్‌ని ప్రీయాంప్ ఫోనో సాకెట్‌కే పెట్టి, రెండుసార్లు పెంచి, రెండుసార్లు వక్రం సరిచేసి, "రికార్డు ప్లేయర్ అంటే ఇంతే కాబోలు" అని సర్దుకుపోయేవాళ్లు కూడా ఉంటారు. టర్న్‌టేబుల్ వెనక ఒక చిన్న స్విచ్ ఉంటుంది, అది ఎటు ఉందో ఒకసారి చూసుకుంటే చాలు.

మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్రిడ్జ్‌ల విషయంలో ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. వాటికి ఎదురుగా 47 కిలో ఓమ్‌ల లోడ్ ఉండాలన్నది దాదాపు అందరూ పాటించే కొలత. దాంతోపాటు కేబుల్‌లోనూ, ఫోనో ఇన్‌పుట్‌లోనూ ఉండే కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) కూడా లెక్కలోకి వస్తుంది. కార్ట్రిడ్జ్ లోపలి కాయిల్ 500 మిల్లీహెన్రీలు అనుకుందాం. దానికి 200 పికోఫారడ్లు తోడైతే ఆ రెండూ కలిసి 16 కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతాయి. కేబుల్ పొడుగ్గా ఉండి 400 పికోఫారడ్లు అయిందంటే అది 11 కిలోహెర్ట్జ్‌కి దిగుతుంది, అంటే బాగా వినిపించే చోటికే. "ఈ ఫోనో స్టేజ్ వెచ్చగా ఉంది, ఆ ఫోనో స్టేజ్ కటువుగా ఉంది" అని వర్ణించుకునే తేడాల్లో కొన్నింటి మూలం ఈ పికోఫారడ్లలోనే దొరుకుతుంది. ఖరీదైన కేబుల్ కొనేముందు పొట్టి కేబుల్ వాడి చూడటం మేలు.

ఇక నాబ్ సంగతి. ప్రీయాంప్‌లో ఎక్కువసార్లు చెయ్యి తగిలేదీ, సర్క్యూట్‌లో అన్నిటికంటే ముందు అరిగిపోయేదీ అదే. దాని వెనక ఉండేది పొటెన్షియోమీటర్, వాడుకలో పాట్. కార్బన్ పట్టీ మీద ఒక చిన్న లోహపు నాలుక జారుతుంటుంది. స్టీరియో కాబట్టి ఒకే కడ్డీకి రెండు పట్టీలు. మన చెవి శబ్దాన్ని కూడికల లెక్కలో కాకుండా రెట్ల లెక్కలో వింటుంది కాబట్టి ఆ పట్టీ కూడా మొదట్లో మెల్లగా, చివర్లో వేగంగా మారేలా చేయాలి. అసలైన అలాంటి వక్రం తయారుచేయడం ఖర్చు. అందుకే మామూలు పాట్‌లలో రెండు మూడు తిన్నని ముక్కలు అతికించి వక్రంలా భ్రమింపజేస్తారు. కుడి, ఎడమ పట్టీలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు రావు. నాబ్ పైకి తిప్పినప్పుడు ఆ తేడా తెలియదు. బాగా కింద, రాత్రి పూట చిన్నగా వినే చోట, రెండు ఛానెళ్ల మధ్య 2, 3 డెసిబెల్స్ తేడా వచ్చి మధ్యలో ఉండాల్సిన గొంతు ఒక పక్కకి జరుగుతుంది. గెయిన్ మరీ ఎక్కువున్న సిస్టమ్‌తో వచ్చే అసలు బాధ ఇదే. వినే స్థాయిలన్నీ నాబ్ మొదటి పావులోనే ఇరుక్కుంటాయి, పాట్ అన్నిటికంటే తప్పుగా ఉండేది కూడా అక్కడే.

తిప్పుతున్నప్పుడు గరగర వినిపిస్తే చాలాసార్లు దుమ్ము. క్లీనర్ స్ప్రే కొట్టినా నాలుగు రోజులకే మళ్లీ మొదలైతే మాత్రం అనుమానించాల్సింది ముందున్న అంచెలోని కెపాసిటర్‌ని. అది లీక్ అయి డీసీ వోల్టేజీ పాట్ మీదికి వచ్చినా ఇదే గరగర. పాట్ మార్చి డబ్బు వృథా చేసుకునేది ఇక్కడే.

పాట్ బదులు మెట్లుమెట్లుగా రెసిస్టర్లు మార్చే స్విచ్‌లు ఉన్నాయి, టిక్ టిక్ మంటూ రిలేలు మార్చేవి ఉన్నాయి, ఇదంతా ఒక చిప్‌లో చేసేవీ ఉన్నాయి. రెండు ఛానెళ్లూ సమానంగా ఉండే విషయంలో ఈ మూడూ మామూలు పాట్ కంటే చాలా మెరుగు. చిప్ అనగానే ముఖం చిట్లించేవాళ్లు ఉన్నారు గానీ, రాత్రి పూట చిన్నగా వినేవాళ్లకి మంచి వాల్యూమ్ చిప్ ఉన్న మామూలు ప్రీయాంప్, పేరున్న పాట్ పెట్టిన ఖరీదైన దానికంటే బాగా పనికొస్తుంది.

పెంచాల్సిన అవసరం లేకపోతే ఒక పాట్, ఒక సెలెక్టర్ స్విచ్ డబ్బాలో పెట్టి వాడుకోవచ్చు కదా? వాడుకోవచ్చు. దాన్నే పాసివ్ ప్రీయాంప్ అంటారు, కరెంటు ప్లగ్ కూడా అక్కర్లేదు. కానీ ఇక్కడ ఇంపీడెన్స్, అంటే ఏసీ సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, అనే మెలిక ఒకటి ఉంది. సిగ్నల్ ఇచ్చేవాడి లోపలి ఇంపీడెన్స్ తక్కువగా, తీసుకునేవాడి ఇంపీడెన్స్ ఎక్కువగా ఉండాలి, కనీసం పది రెట్ల తేడా ఉంటే నిశ్చింత. 100 ఓమ్‌ల సోర్స్ 10 కిలో ఓమ్‌ల యాంప్‌లోకి వెళ్తే పోయేది ఒక శాతం. పాట్ మధ్యలో పెడితే ఈ లెక్క తారుమారవుతుంది. 6 డెసిబెల్స్ తగ్గించిన చోట పాట్ అవతలికి కనిపించే ఇంపీడెన్స్ దాని విలువలో నాలుగో వంతు ఉంటుంది, అదే దాని గరిష్ఠం. 10 కిలో ఓమ్‌ల పాట్ అయితే 2.5 కిలో ఓమ్‌లు. దానికి పొట్టి కేబుల్, 500 పికోఫారడ్లు అనుకుంటే, పై శ్రుతులు తగ్గడం మొదలయ్యేది 127 కిలోహెర్ట్జ్ దగ్గర, మనిషి చెవికి సంబంధం లేని చోట. అదే 50 కిలో ఓమ్‌ల పాట్, చాలా పొడుగు కేబుల్, 1000 పికోఫారడ్లు అయితే? 12.7 కిలోహెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పోతాయి. తాళాల మెరుపు చచ్చిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించలేదన్నట్టు, సోర్స్ 2 వోల్టులు ధారాళంగా ఇస్తున్నా మధ్యలో ఉన్నది దాన్ని అవతలికి సరిగ్గా చేరనివ్వదు.

పాసివ్ పెట్టెలు కొందరికి అద్భుతంగా, ఇంకొందరికి పేలవంగా వినిపించడంలో మాయ ఏమీ లేదు. కేబుల్ పొడుగు, పాట్ విలువ, యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంతే. యాక్టివ్ ప్రీయాంప్ ఒక్క రెట్టు కూడా పెంచకపోయినా పనికొచ్చేది ఇక్కడే. బలహీనమైన చేతిలోంచి సిగ్నల్ తీసుకుని గట్టి చేత్తో అవతలికి అందిస్తుంది. దీన్ని బఫర్ అంటారు. ప్రీయాంప్‌లో గెయిన్ కంటే విలువైన గుణం ఏదైనా ఉంటే అది ఇదే.

వాల్వు ప్రీయాంప్‌లకు ఈ లెక్క రెండో వైపు నుంచి తగులుతుంది. వాటి అవుట్‌పుట్ దగ్గర డీసీని ఆపే కెపాసిటర్ ఒకటి ఉంటుంది. అది 0.47 మైక్రోఫారడ్ అనుకుందాం. వాల్వు యాంప్‌ల ఇన్‌పుట్ సాధారణంగా 100 కిలో ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి దానికి తగిలిస్తే ఏ ఇబ్బందీ లేదు. ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌లు మాత్రమే ఉన్న ట్రాన్సిస్టర్ యాంప్‌కి తగిలిస్తే 34 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ తగ్గిపోతాయి. "వాల్వు అంటేనే బేస్ వదులుగా ఉంటుంది" అని తీర్పు చెప్పేముందు ఈ రెండు అంకెలూ చూసుకోవాలి.

వాల్వా, ట్రాన్సిస్టరా అన్న పాత గొడవలోకి ఎక్కువ దూరం వెళ్లక్కర్లేదు. వాల్వు ప్రీయాంప్ కొద్దిగా సొంత రంగు కలుపుతుంది, అది నచ్చేవాళ్లకి నచ్చుతుంది, అందులో తప్పు లేదు. వాల్వులు అరుగుతాయి, కొన్నింటిని వేలితో తట్టితే స్పీకర్‌లోంచి టంగుమని వినిపిస్తుంది. మరోవైపు 1970ల చివర్లో వచ్చిన ఎన్‌ఈ5532 లాంటి సాదాసీదా చిప్ సరిగ్గా వాడితే లైన్ స్థాయి దగ్గర కలిపే వక్రీకరణ చెవికి అందనంత తక్కువ. ఎంతో సంగీతం రికార్డింగ్ స్టూడియోల్లో మిక్సర్ల లోపల అలాంటి చిప్‌లను డజన్ల కొద్దీ దాటుకునే మన దాకా వచ్చింది. ఇంట్లో ఇంకొకటి దాటితే పాట చెడిపోతుందని దిగులుపడటం కాస్త అతి.

స్పీకర్‌కి చెవి ఆనిస్తే వినిపించే సుయ్యిమనే హిస్ గురించి అడిగేవాళ్లు చాలామంది. సర్క్యూట్ ఏదైనా తనదైన కొంత చప్పుడు కలుపుతుంది. నాబ్‌కి ముందు పుట్టిన చప్పుడు నాబ్‌తో పాటు తగ్గుతుంది, తర్వాత పుట్టింది తగ్గదు. అందుకే ఒక చిన్న పరీక్షతో దొంగ ఎక్కడున్నాడో తేలిపోతుంది. ఏ పాటా పెట్టకుండా నాబ్ పైకీ కిందికీ తిప్పాలి. హిస్ మారితే సోర్స్ వైపు లేదా ఫోనో వైపు. మారకపోతే లైన్ స్టేజ్ లేదా పవర్ యాంప్. అప్పుడు పవర్ యాంప్ ఆపేసి, ప్రీయాంప్ కేబుల్ పీకేసి, మళ్లీ ఆన్ చేసి వినాలి. ఇంకా అలాగే ఉంటే అది యాంప్‌దే, పోతే ప్రీయాంప్‌దే. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ (ఒక వాటుకి మీటరు దూరంలో వచ్చే శబ్దం) ఉన్న మామూలు స్పీకర్లతో వినిపించని హిస్, 100 డెసిబెల్స్ దాటిన హార్న్ స్పీకర్లతో గదికి అవతలి మూల నుంచి కూడా వినిపించవచ్చు. అలాంటి స్పీకర్లున్నవాళ్లకి గెయిన్ తక్కువున్న ప్రీయాంప్ ఒక వరం.

హిస్ వేరు, గుయ్యిమనే హమ్ వేరు. హమ్ కరెంటు సరఫరా నుంచి వస్తుంది, దేశాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్, వాటి రెట్టింపులు. రెండు పెట్టెలు రెండు దారుల్లో ఎర్త్‌కి కలిసి ఒక చుట్టు ఏర్పడితే అది వస్తుంది. టర్న్‌టేబుల్ ఎర్త్ తీగ బిగించడం మరిచిపోయినా వస్తుంది. ఎక్స్‌ఎల్‌ఆర్ బ్యాలెన్స్‌డ్ కేబుళ్లు కనిపెట్టింది ఇలాంటి గోలను తోసిపుచ్చడానికే. పొడుగు దూరాలకు వాటి విలువ నిజమైనది. మీటరు కేబుల్‌తో, హమ్ లేని సిస్టమ్‌లో వాటికి మారితే వచ్చే తేడా చాలాసార్లు ఒక్కటే: బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ సాధారణంగా 4 వోల్టులు ఇస్తుంది కాబట్టి 6 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది. ఎక్కువ మోగింది బాగా మోగినట్టు అనిపిస్తుంది. ఆ మాట మీద మళ్లీ వస్తాం.

వెనక ప్యానెల్ మీద రెండు సాకెట్ల తేడా మాత్రం తప్పక తెలిసి ఉండాలి. ప్రీ అవుట్ నాబ్ తర్వాత వస్తుంది. రికార్డ్ అవుట్ లేదా టేప్ అవుట్ నాబ్‌కి ముందే వస్తుంది, క్యాసెట్ డెక్‌ల కాలంలో రికార్డింగ్ కోసం పెట్టింది. పవర్ యాంప్‌ని పొరపాటున దానికి తగిలిస్తే నాబ్‌తో నిమిత్తం లేకుండా పూర్తి సిగ్నల్ పోతుంది, మొదటి పాటకే ట్వీటర్లు కాలిపోవచ్చు. ఇంకో సాకెట్, హోమ్ థియేటర్ బైపాస్, వచ్చిన సిగ్నల్‌ని పెంచకుండా తగ్గించకుండా దాటించేస్తుంది. దానికి వాల్యూమ్ నియంత్రణ లేని సోర్స్ తగిలించకూడదు.

టోన్ నాబ్‌ల మీద ఉన్న చులకన గురించి కూడా ఒక మాట. బేస్, ట్రెబుల్‌ని విడివిడిగా సర్దే చక్కటి సర్క్యూట్‌ని బ్రిటిష్ ఇంజినీర్ పీటర్ బాక్సండాల్ 1952లో ప్రచురించాడు, దాని రూపాంతరాలే కోట్ల యాంప్‌లలోకి వెళ్లాయి. తర్వాత హైఎండ్ ప్రీయాంప్‌లు స్వచ్ఛత పేరుతో ఆ నాబ్‌లను పీకేశాయి. ఇది లాభం అనిపించుకోదు. గది గోడలు బేస్‌ని 10 డెసిబెల్స్ అటూ ఇటూ చేస్తుంటే, రికార్డింగులు ఒక్కోటి ఒక్కో తీరుగా ఉంటే, 2 డెసిబెల్స్ సర్దుకునే వీలు తీసేసి స్వచ్ఛత అనడం ఏమిటో! లౌడ్‌నెస్ బటన్ కూడా అంతే. శబ్దం చిన్నదయ్యేకొద్దీ మన చెవి బేస్‌ని ఎక్కువ పోగొట్టుకుంటుందని ఫ్లెచర్, మన్సన్ అనే పరిశోధకులు 1933లోనే కొలిచి చూపించారు. చిన్నగా వినేటప్పుడు ఆ లోటు పూడ్చడానికి పెట్టిన బటన్ అది. పెద్దగా వినేటప్పుడు కూడా నొక్కి ఉంచితే తప్పు బటన్‌ది కాదు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న: డాక్‌లోనే వాల్యూమ్ ఉన్నప్పుడు ప్రీయాంప్ దేనికి? ఒకే ఒక్క డిజిటల్ సోర్స్, టర్న్‌టేబుల్ లేదు, డాక్‌లో సరైన వాల్యూమ్ ఉంది అంటే నిజంగా అక్కర్లేదు. డిజిటల్‌గా తగ్గిస్తే బిట్లు పోతాయన్న భయం పాతది. 6 డెసిబెల్స్‌కి ఒక బిట్ చొప్పున, 40 డెసిబెల్స్ తగ్గిస్తే సుమారు 7 బిట్లు. 24 బిట్ల డాక్‌లో ఇంకా 17 మిగులుతాయి, సీడీకి ఉన్నదే 16. అసలు ప్రశ్న బిట్లు కాదు, డాక్ అనలాగ్ వైపు చప్పుడు. అది వాల్యూమ్‌తో పాటు తగ్గదు. 2 వోల్టులకు 115 డెసిబెల్స్ కింద చప్పుడు ఉన్న డాక్ అయితే అది 3.6 మైక్రోవోల్టులు. 20 రెట్ల యాంప్ దాటాక 88 డెసిబెల్స్ స్పీకర్ నుంచి మీటరు దూరంలో అది వినికిడి హద్దుకే కింద ఉంటుంది. పది రెట్ల లైన్ స్టేజ్‌ని మధ్యలో పెడితే దానికంటే ఎక్కువ చప్పుడే రావచ్చు.

భయపడాల్సింది ఇంకో దానికి. కంప్యూటర్ నుంచి నడిచే వాల్యూమ్ ఏదో అప్‌డేట్ తర్వాత చెప్పాపెట్టకుండా నూరు శాతానికి వెళ్లిపోతే, మధ్యలో ఆపేది ఏదీ లేకపోతే, 2 వోల్టులు నేరుగా పవర్ యాంప్‌లోకి. అందుకే నేరుగా తగిలించేవాళ్లు 10 లేదా 20 డెసిబెల్స్ తగ్గించే చిన్న అటెన్యుయేటర్ ప్లగ్‌లు యాంప్ ఇన్‌పుట్ దగ్గర పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. చప్పుడు కూడా ఆ మేరకు తగ్గుతుంది. అలాగే వేరు వేరు పెట్టెలు వాడేవాళ్లు ఆన్ చేసేటప్పుడు పవర్ యాంప్ ఆఖర్న, ఆపేటప్పుడు అదే ముందు. ప్రీయాంప్ లేచేటప్పుడు వదిలే ధడ్ అనే తోపు స్పీకర్ల దాకా పోకుండా ఉండటానికి.

ఇంటిగ్రేటెడ్ యాంప్ ఉన్నవాళ్లు విడి ప్రీయాంప్‌కి మారాలా అంటే, ఇంటిగ్రేటెడ్ అంటేనే ఒకే డబ్బాలో ప్రీయాంప్, పవర్ యాంప్. తయారుచేసినవాడు గెయిన్, ఇంపీడెన్స్ లెక్కలన్నీ లోపలే కుదిర్చి పెట్టాడు. విడదీస్తే ఆ లెక్క మన నెత్తిన పడుతుంది. విడి పెట్టె అవసరమయ్యేది సోర్స్‌లు ఎక్కువై ఇన్‌పుట్లు చాలనప్పుడు, మంచి ఫోనో స్టేజ్ కావాల్సినప్పుడు, పవర్ యాంప్‌లను స్పీకర్ల పక్కకి జరపాలనుకున్నప్పుడు, సబ్‌వూఫర్‌కి అవుట్‌పుట్ కావాల్సినప్పుడు.

శబ్దం కోసమే మార్చాలనుకుంటే కొనేముందు రెండు ప్రీయాంప్‌లనూ ఒకే స్థాయిలో పెట్టి వినాలి, చెవితో అందాజాగా కాకుండా మీటర్‌తో. 400 హెర్ట్జ్ టెస్ట్ టోన్ ఒకటి పెట్టి, మల్టీమీటర్‌ని ఏసీ వోల్ట్స్‌లో ఉంచి, రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా స్పీకర్ టెర్మినల్స్ దగ్గర కొలవాలి. మొదటి దానితో 1.00 వోల్టు వస్తే రెండోదాన్ని 0.99కి, 1.01కి మధ్య నిలబెట్టాలి, అప్పుడు తేడా 0.1 డెసిబెల్‌కి లోపే. తర్వాత ఏది నడుస్తోందో చెప్పకుండా కేబుల్ మార్చే మనిషిని ఇంకొకరిని పెట్టుకుని ఓ పదిసార్లు వినడం. చాలా చర్చలు ఈ మీటర్ బయటికి తీసిన మధ్యాహ్నమే ముగిసిపోతాయి. ముగియకుండా తేడా నిజంగానే వినిపిస్తే, వెనక్కి వెళ్లి కేబుల్ పొడుగు, అవుట్‌పుట్ కెపాసిటర్, ఇన్‌పుట్ ఇంపీడెన్స్ చూడటం మొదలుపెట్టాలి.